మైనంలో ఉండగానే

పళ్ళున్నప్పుడు శనగల్లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు అని సామెత కట్టినవాడు పళ్ళ సెట్టు చూసి ఉండడు. చూసి ఉంటే అంత తొందరగా చేతులెత్తేసేవాడు కాదు. ఈ మాట పళ్ళ మేస్త్రిది. అతనికి అసలు పేరొకటి ఉండే ఉంటుంది గానీ, లాబ్ ఓనరు దగ్గర్నుంచి కింద టీ అమ్మే మనిషి దాకా అందరికీ మేస్త్రే. డాక్టరు కాదు. డాక్టర్లు పంపిన కొలతలు చూసి కట్టుడు పళ్ళు చేసే మనిషి.

జిరాక్స్ దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కితే ఆ లాబ్. ముందు గదిలో ప్లాస్టర్ పని, వెనక గదిలో పాలిష్ చక్రాలు. అక్కడికి మనుషులు రారు, వాళ్ళ నోళ్ళు వస్తాయి. అట్టపెట్టెల్లో, తడి దూదిలో చుట్టుకుని, ఎవరెవరివో పై దవడలూ కింది దవడలూ వచ్చి బల్లమీద వరసగా కూర్చుంటాయి. ఇన్నేళ్ళుగా ఇన్ని నోళ్ళతో వేగుతున్నా ఒక్కటీ తనకు ఎదురు చెప్పలేదని మేస్త్రి గొప్ప.

"ఆ లోటు ఇంటికెళ్తే తీరుతుందిలే అన్నయ్యా" అని వెనక గదిలోంచి చెల్లెమ్మ అందిస్తుంది. చెల్లెమ్మ అంటే సొంత చెల్లెలు కాదు, సెట్లకు నునుపు పెట్టే పాలిష్ మనిషి. అన్నయ్యా అని పిలిచిన పాపానికి దక్కే చనువునంతా వదలకుండా వాడుకుంటుంది.

చేతిపని చేసేవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ చేతుల్లో దేవుడున్నాడని రాయడం ఒక రివాజు. మేస్త్రి చేతుల్లో దేవుడు లేడు, ప్లాస్టర్ పొడి ఉంది. అతను మంచి పనివాడు కావడానికి ఓపిక కొంత కారణం, అనుమానం ఎక్కువ కారణం. అక్రిలిక్ అనే పదార్థాన్ని అతను ఎన్నడూ నమ్మలేదు. గులాబీరంగు పౌడర్‌లో ఘాటువాసన కొట్టే లిక్విడ్ పోస్తే మొదట తడి ఇసుకలా ఉంటుంది. కాసేపటికి వేలికి తీగలా సాగుతుంది. ఇంకాసేపటికి చేతికి అంటని పిండిముద్దవుతుంది. ప్లాస్టర్ అచ్చులో కూరడానికి అదొక్కటే అదను. ముందు కూరితే అంటుకుంటుంది, తర్వాత కూరితే మూలలకు పోదు. ఆ అచ్చును బిగించి వేడినీళ్ళ తొట్టిలో నిదానంగా ఉడికించాలి. గబగబా మరగబెట్టారో, లోపలి లిక్విడ్ పొంగి బుడగలు కడుతుంది. పైకి నిగనిగ, లోపల స్పాంజి. పైన పటారం, లోన లొటారం. ఉడికాక తొందరపడి చన్నీళ్ళు పోస్తే వంకరపోతుంది. ఇన్ని విధాల మోసం చేయగల వస్తువుతో పని కాబట్టి, ప్రతి మెట్టు దగ్గరా ఆగి వెనక్కి చూసుకోవడం మేస్త్రికి అలవాటైంది.

అన్నిటికన్నా పెద్ద మెట్టు మైనం ట్రయల్. అక్రిలిక్ జోలికి పోకముందు పళ్ళను గులాబీ మైనంలో గుచ్చి, ఆ మైనం సెట్టునే పేషెంటు నోట్లో పెట్టి, చేతికి అద్దమిచ్చి, నచ్చిందా అని అడగాలి. మైనంలో పన్నును అటూ ఇటూ జరపొచ్చు, తీయొచ్చు, మార్చొచ్చు. ఈ ట్రయల్ ఎగ్గొట్టే డాక్టర్ల మీద మేస్త్రికి పళ్ళు నూరేంత కోపం. సెంటర్లో క్లినిక్ పెట్టిన డాక్టరమ్మకు ఒకసారి ఫోన్లోనే పాఠం చెప్పాడు: "మైనంలో ఉండగానే చెప్పమనండమ్మా. గట్టిపడ్డాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా పన్ను జరగదు."

అలాంటి మనిషి ఒక్కసారి, ఒకే ఒక్క నోటికి, మైనం ట్రయల్ వేయలేదు. ఆ నోరు అతని భార్యది.

ఆమె బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చుంటుంది. ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. రోజూ వచ్చిపోయే ప్రయాణికులు ఆమెకు మైకమ్మ అని పేరు పెట్టారు. మైకు లేకపోయినా ఆమె మాట ఆఖరి ప్లాట్‌ఫారం దాకా వినిపిస్తుందని మేస్త్రి అంటాడు, ఆమె వినకుండా.

మైకమ్మ చిగుళ్ళు చాలా ఏళ్ళుగా బాగాలేవు. చిగుళ్ళ జబ్బు వాళ్ళ అమ్మ వైపు వాళ్ళందరికీ ఉంది. ఊరందరికీ పళ్ళు కట్టే మనిషి ఇంట్లో ఇదేమిటని బంధువులు అడిగేవారు. దీపం కింద చీకటే మరి. ఒకటొకటిగా కదిలి, చివరికి డాక్టరమ్మ అన్నీ తీసేయాల్సి వచ్చింది. చిగుళ్ళు మానే వరకు ఆగమంది. ఆ మధ్యకాలంలో మైకులో స, ఫ, ద అన్నీ గాలైపోయాయి. స్టేషన్ మేనేజరు మంచివాడే కాబట్టి ఆమెను తాత్కాలికంగా పార్సిల్ గదికి పంపాడు. వచ్చే ఒకటో తారీఖుకు కిటికీ దగ్గరికి రాగలిగితే రమ్మన్నాడు, లేకపోతే ఆ కుర్చీలో ఇంకొకరిని వేస్తానన్నాడు. కిటికీ లేని పార్సిల్ గదిలో మూటలు తప్ప మాట్లాడే దిక్కు లేదు. మైకమ్మకు అది ఉద్యోగం కాదు, మూగనోము.

కాబట్టి భార్యకు చేయబోయే సెట్టు మేస్త్రికి అన్ని సెట్లలాంటిది కాదు. అరలో పౌడర్ డబ్బాలన్నీ కిందికి దించాడు. మామూలు గులాబీది పక్కన పెట్టాడు. కిందపడ్డా తొందరగా పగలని గట్టిరకం, చిగుళ్ళలో నరాల్లా సన్నటి ఎర్రదారాలు కలిసినది, తీసుకున్నాడు. ఆ రంగుతోనూ తృప్తి కలగలేదు. డబ్బాల మీది గులాబీ ఎవరి చిగుళ్ళను చూసి కలిపారో గానీ మైకమ్మ చిగుళ్ళను చూసి మాత్రం కాదు. ఆమెవి గోధుమ కలిసిన ముదురు రంగు. గోధుమరంగు పౌడర్ చిటికెడూ, మరికాస్తా కలిపి, బొత్తాలంత బిళ్ళలు ఉడికించి, జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. కూర తరుగుతున్న భార్య పక్కన నిలబడి, ఆమె కింది పెదవి పక్కన బిళ్ళ పెట్టి చూశాడు.

"ఏమిటది?"

"ఏంలేదు, చొక్కా బొత్తాం."

"మొహం మీద కుడతారా బొత్తాం?"

అంత జాగ్రత్తపరుడు. చిగుళ్ళ రంగుకోసం ఆమె చుట్టూ ప్రదక్షిణం చేశాడు, పళ్ళ వరస సంగతి మాత్రం ఒక్క ముక్క అడగలేదు. అడగాలని తోచకపోవడానికి కారణం లాబ్‌లో గడియారం పక్కన ఉంది. పెళ్ళైన కొత్తలో అందరూ ఫొటోలు తీయించుకుంటుంటే, అప్పుడే పని నేర్చుకుంటున్న మేస్త్రి భార్య నోటికి అచ్చు తీశాడు. ఆ ప్లాస్టర్ పళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఎడమవైపు కోరపన్ను పక్కదాని మీదికెక్కి కూర్చుని ఉంటుంది. పన్నుమీద పన్ను. ఆ పన్ను కనబడుతుందో లేదో అన్నట్టు నవ్వేది ఆమె, చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆ చెయ్యంటే మేస్త్రికి ప్రాణం.

డాక్టరమ్మ మైనం ట్రయల్ ఎప్పుడు పంపుతారని ఫోన్ చేస్తే మేస్త్రి నవ్వాడు. "ఆ నోరు నాకు కంఠతా వచ్చమ్మా. ఆవిణ్ణి ఆశ్చర్యపరచాలి." మేస్త్రి అంతటివాడు చెప్పాక ఆమె మాత్రం ఏమంటుంది.

పాత అచ్చును ముందు పెట్టుకుని ఒక్కో పన్నూ గుచ్చాడు. కోరపన్నును ఎంత తిప్పాలో, పక్కదాని మీద ఎంత ఎక్కించాలో వెంట్రుకవాసి తేడా లేకుండా చూసుకున్నాడు. అచ్చు బిగించాడు, మైనం కరిగించి కడిగేశాడు, అక్రిలిక్ కూరి నిదానంగా ఉడికించాడు. మిగిలిన పచ్చి లిక్విడ్ నోటిని మండించకుండా నీళ్ళలో నానబెట్టాడు. చెల్లెమ్మ నునుపు పెట్టి, వెలుగులో తిప్పి చూసి, "వదిన నోరే ఊడొచ్చి బల్లమీద కూర్చున్నట్టుంది" అంది. అంతకు మించిన సర్టిఫికెట్ అతనికి అక్కర్లేదు.

సాయంత్రం ఇంట్లో పెట్టె మూత తీసి, "కళ్ళు మూసుకో" అన్నాడు.

"పెట్టుకునేది నోట్లో. కళ్ళెందుకు మూసుకోవడం?"

అన్నదే గానీ మూసుకుంది. సెట్టు చిగుళ్ళకు చప్పున పట్టుకుంది. ఎక్కడా ఒత్తలేదు, ఎక్కడా లూజు లేదు. ఆమె చేతులు కడుక్కునే చోట ఉన్న అద్దం దగ్గరికి వెళ్ళింది. మేస్త్రి వెనకే వెళ్ళి, పొగడ్త కోసం పళ్ళికిలిస్తూ నిలబడ్డాడు.

"ఇదెవరిది?" అంది అద్దంలోంచి.

"ఏది?"

ఎడమ కోరపన్ను మీద వేలు పెట్టింది.

"నీదే. అచ్చంగా నీదే. అక్కడికి తేవడానికి ఎంత అవస్థపడ్డానో తెలుసా?"

"నాది పీకించి పారేశాను కదండీ. మళ్ళీ ఎవరు తెమ్మన్నారు?"

మేస్త్రి ఖాళీ పెట్టెకు మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

"చిన్నప్పట్నుంచీ మా పెద్దమ్మ అదృష్టం, అదృష్టం అని ఊదరగొట్టింది. అంత అదృష్టమైతే వాళ్ళమ్మాయికి రాలేదేం? బళ్ళో నా పేరేమిటో తెలుసా మీకు? మేడమీద మేడ."

"నాకు చెప్పలేదే ఎప్పుడూ!"

"అడిగారా ఎప్పుడైనా?"

"మరి నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటావుగా... సిగ్గనుకున్నాను. ఎంత బాగుంటుందో."

"సిగ్గా! సిగ్గున్నదాన్నయితే మైకు పట్టుకుని బస్టాండంతా అదిరేలా అరుస్తానా? పన్ను కనబడకూడదని పెట్టుకున్న చెయ్యండీ అది."

"నాకు నచ్చిందే..."

"నచ్చితే మీరు కట్టించుకోండి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" ఆమె గొంతు తగ్గింది. "అన్నీ పీకేస్తుంటే నేనూ ఏడ్చాను. ఆ ఒక్కటీ పళ్ళెంలో పడ్డప్పుడు మాత్రం హమ్మయ్య అనుకున్నాను. మీరు దాన్నే వెతికి పట్టుకొచ్చారు. ఇది పెట్టుకుని మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకుంటూ ఆ కిటికీలో కూర్చోమంటారా? కూర్చోను. దీనికన్నా పార్సిల్ గదే నయం."

తిట్లన్నీ సెట్టు తీయకుండానే తిట్టింది. ఒక్క అక్షరం జారలేదు. స అన్నది స లాగా, ఫ అన్నది ఫ లాగా పలికాయి. అంత దుఃఖంలోనూ మేస్త్రికి ఆ సంగతి తెలిసింది, ఆ తెలిసినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మనిషిని ఉన్నదున్నట్టు ప్రేమించాలని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఉన్నదున్నట్టు మోసే మనిషికి ఆ ఉన్నది ఇష్టమేనా అని వాళ్ళలో ఎవరూ అడగరు. చూసేవాడికి అది ముద్దు, మోసేవాళ్ళకు అది బరువు. మేస్త్రి ఇంత చక్కగా అనుకోలేదు. మర్నాడు లాబ్‌లో ప్లాస్టర్ గిన్నె ముందు కూర్చుని, "నేను నా కోసం చేసుకున్నాను ఆ సెట్టు" అన్నాడు, అంతే.

జరిగింది విని చెల్లెమ్మ పాలిష్ చక్రం ఆపింది. "మైనం ట్రయల్ వేయలేదా? నువ్వా? అన్నయ్యా, నువ్వు?" నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, "సరే, ఇప్పుడేం మునిగిపోయింది? ముందు పళ్ళు కోసేసి, వరసగా కొత్తవి పెట్టి, ఉడికించకుండా గట్టిపడే పౌడర్ ఉందిగా, దాంతో అతికించెయ్. సాయంత్రానికి అయిపోతుంది. నేను గీత కనబడకుండా పాలిష్ చేస్తా."

చేయొచ్చు. రోజూ ఎవరికో ఒకరికి చేస్తూనే ఉంటాడు. ఒకటో తారీఖు దగ్గరికొచ్చింది కూడా. అయినా ఆ పౌడర్ డబ్బాను చేతిలోకి తీసుకుని మళ్ళీ అరలో పెట్టేశాడు. ఉడకని అక్రిలిక్‌లో పచ్చి లిక్విడ్ ఎక్కువ మిగులుతుంది, మానీ మానని చిగుళ్ళను మండిస్తుంది. అతుకు బలం తక్కువ, కొన్నాళ్ళకు రంగు తిరుగుతుంది. ఇవి పనివాడి కారణాలు. ఇంకొకటి కూడా ఉంది. పాలిష్ పెడితే ఆ గీత కంటికి మాత్రమే కనబడదు. నాలుకంత పట్టుదలగల పోలీసు లోకంలో లేడు. మొగుడు చేసిన తప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆమె నాలుక రోజూ తడిమి చూసుకుంటుంది.

"మొదట్నుంచీ చేస్తా" అన్నాడు.

"టైముకు అవుతుందా?"

"అవుతుంది. నిదానంగా చేస్తే."

చెల్లెమ్మకు ఆ లెక్క అర్థమయింది. ఈ పనిలో తొందరపడితేనే రెండుసార్లు చేయాలి.

మైనం ట్రయల్‌కు రమ్మని మేస్త్రి అడిగితే, సెలవు రోజు మధ్యాహ్నం మైకమ్మ లాబ్ మెట్లెక్కింది. పెళ్ళైన కొత్తలో వచ్చాక మళ్ళీ రావడం అదే. స్టూలు మీద కూర్చుని ముక్కు ముడిచింది. "మీ చొక్కాల వాసన ఇక్కడే తయారవుతుందన్నమాట." చెల్లెమ్మ అద్దం పట్టుకుంది. మేస్త్రి మైనం సెట్టును ఆమె నోట్లో పెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. పరీక్ష రాసినవాడిలా చేతులు కట్టుకున్నాడు.

"ఇంకా తెల్లగా కావాలి" అంది.

"ఇంతకన్నా తెలుపంటే గోడకు సున్నం కొట్టినట్టుంటుంది. మన వయసుకు..."

"వయసు మాటెత్తారంటే లేచిపోతా. పేషెంటు ఎవరిక్కడ, మీరా నేనా?"

చెల్లెమ్మ అద్దం కిందికి దించింది. "బట్టల కొట్లో బేరంలా ఉంది. అన్నయ్య ఒక మెట్టెక్కు, వదిన ఒక మెట్టు దిగు. నా చెయ్యి లాగేస్తోంది."

ఎక్కాడు, దిగింది. వరస తిన్నగా ఉండాలంది, తిన్నగా పెట్టాడు. సహజంగా ఉంటుందని కింది వరసలో ఒకటి కాస్త వాల్చబోతే, ఆమె అతని చేతివంక చూసింది. ఆ చెయ్యి దానంతటదే సర్దుకుంది. తర్వాత ఆమె గొంతు సవరించుకుని, మైకు పట్టుకున్నట్టు పిడికిలి బిగించి, "ప్రయాణికులకు విజ్ఞప్తి. సాయంత్రం సర్వీసు సకాలంలో..." అంది. స దగ్గర ఈల పడింది. మేస్త్రి సన్నటి చాకును మంటమీద వేడిచేసి, మైనం మెత్తబరిచి, ముందు పళ్ళను వెనక్కి నూలుపోగంత జరిపాడు. మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ జరిపాడు. మళ్ళీ అనమన్నాడు. మెట్లమీద వెళ్ళే ఎవరో ఆగి, ఇక్కడ బస్సాగుతుందా అని అడిగి, చెల్లెమ్మ చేత తిట్లు తిని పోయారు.

ఆఖరున జేబులోంచి రెండు బిళ్ళలు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇవి చిగుళ్ళకు. ఏది కలపను?"

"ఓహో, చొక్కా బొత్తాలు!" ఆమె ఒక్కోదాన్నీ పెదవి పక్కన పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "ఈ గులాబీది బొమ్మ మొహంలా ఉంది. ఇదే. నాది ఇదే రంగు." చూపింది గోధుమ కలిపిన బిళ్ళనే. ఆ మాట తను ముందే అనుకున్నానని చెప్పడానికి మేస్త్రి నోరు తెరిచి, జీవితంలో అరుదుగా చేసే పని చేశాడు. మూసుకున్నాడు.

లేవబోతూ ఆమె గడియారం పక్కనున్న ప్లాస్టర్ పళ్ళను చూసింది. ఎవరివని అడగలేదు. చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎడమవైపు తిప్పి చూసింది.

"అబ్బే" అంది. "నేననుకున్నంత పెద్దదేం కాదే ఇది."

"అదే కదా నేను..."

"అయినా వద్దు" అని, దాన్ని ఉన్నచోటే పెట్టేసింది. పారేయమనలేదు. ఉంచమనీ అనలేదు.

ఆ తర్వాత పనిలో వింతేమీ లేదు. అదే గట్టిరకం పౌడర్, అదే చిటికెడు గోధుమ, అదే తొట్టి. తారీఖు దగ్గరపడుతోంది కాబట్టి నీళ్ళు మరగబెట్టేయమని ఓనరు సలహా ఇచ్చాడు. మేస్త్రి విననట్టు మంట తగ్గించాడు. అచ్చును తొట్టిలోంచి తీశాక కుళాయి కింద పెట్టకుండా బల్లమీదే వదిలేశాడు, చల్లారే వరకు దాని పక్కన కూర్చుని ఇంకెవరిదో దవడ చెక్కాడు. పగలగొట్టి చూస్తే ఎక్కడా బుడగ లేదు. కోరపన్ను బుద్ధిగా వరసలో నిలబడి ఉంది. చక్కగా ఉంది. అతనికి పరిచయం లేని నవ్వు అది. పరిచయం చేసుకోవాలి, ఈ వయసులో.

ఒకటో తారీఖు పొద్దున మేస్త్రి ప్లాస్టర్ బస్తా తేవాలన్న వంకతో బస్టాండుకు వెళ్ళాడు. ప్లాస్టర్ దుకాణం రెండో వైపు ఉందని లాబ్‌లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. స్తంభం పక్కన నిలబడి కిటికీ వంక చూశాడు. పాత కుర్చీలో మైకమ్మ. ముందు పెద్ద వరస. ఒక ముసలాయన కిటికీలోకి వంగి, "ఇన్నాళ్ళూ నువ్వు లేక బస్సులన్నీ ఇష్టమొచ్చినట్టు తిరిగాయమ్మా" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వుతో పాటే చెయ్యి లేచింది. అలవాటుకు ఏ పన్నుతోనూ పనిలేదు. చుట్టాలు ఇల్లు మారారని తెలియక పాత గుమ్మం ముందు నిలబడ్డ మనిషిలా ఆ చెయ్యి గడ్డం దగ్గర కాసేపు ఆగి, ఏమీ తోచక, మైకు బొత్తాం మీదికి దిగింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి..."

బస్టాండంతా ఆమె గొంతే. మూటలు మోసేవాళ్ళు మూటలు మోస్తున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, ఎవరి బస్సు కోసం వాళ్ళు పరిగెడుతున్నారు. సకాలంలో అన్న చోట, స చివర, చాలా సన్నటి ఈల. లోకంలో ఇంకెవరికీ వినబడేది కాదు. మేస్త్రికి వినబడింది. పైవరస వెనకవైపు ఎక్కడ కాస్త గీకితే అది పోతుందో కూడా తెలిసింది. చేతివేళ్ళు జేబులో ఆకురాయి కోసం వెతుక్కున్నాయి.

సాయంత్రం ఇంటికొచ్చాక అడగాలి, ఆ ఈల తీయమంటావా, ఉంచమంటావా అని. ఆ ప్రశ్నను మనసులో రెండుసార్లు వల్లె వేసుకుంటూ ప్లాస్టర్ దుకాణం వైపు నడిచాడు.